నిలబడే వంతు

ముంబ్రా కొండ మీది రోడ్డు ఎక్కీ ఎక్కగానే కారు ఆగిపోయింది. ముందు లారీ, వెనక లారీ, కుడిపక్కన కంటైనరు. ముకుంద్ గుప్తే గేరు తీసి, బ్రేకు మీద కాలు అలాగే ఉంచి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. రిటైరయ్యే వయసులో డ్రైవింగ్ నేర్చుకున్న మనిషాయె. కారు ఆగి ఉన్నా చేతులు తియ్యడు, వదిలేస్తే అదెక్కడికి పారిపోతుందోనని.

పక్క సీట్లో శుభద కిటికీలోంచి కిందికి చూస్తోంది. కొండ దిగువన, సముద్రపు పాయ పక్కన, పట్టాలు లేత ఎండలో మెరుస్తున్నాయి. చూస్తూండగానే డోంబివిలీ ఫాస్టు రైలు వచ్చింది. ఆడవాళ్ళ పెట్టె తలుపు దగ్గర నీలం, కిటికీల్లో నీలం, గాలికి బయటికెగురుతున్న కొంగులన్నీ నీలం. నవరాత్రుల్లో రోజుకో రంగు. ఇవాళ నీలమని పేపర్లో వేశారు గనక బొంబాయి ఆడవాళ్ళంతా నీలం కట్టుకుని బయల్దేరారు. శుభద కూడా కట్టుకుంది. కాకపోతే ఆమె చీర చూడ్డానికి ఈ కొండ మీద లారీ క్లీనర్లు తప్ప ఎవరూ లేరు.

"పోయింది," అంది.

"ఏది?"

"ఏడూ పదమూడు. నా బండి."

"నీ బండి ఇది," అని ముకుంద్ స్టీరింగు మీద చిన్నగా తట్టాడు.

"మనం బయల్దేరిన ఎంతసేపటికో బయల్దేరింది. అది వీటీ స్టేషను చేరిపోయి, మా వాళ్ళు టీలు కూడా తాగేస్తారు. మనం ఇంకా ఈ లారీవాడి వెనకాలే ఉంటాం."

"ఉంటే ఉన్నాం. నీ కాలెవరూ తొక్కట్లేదుగా? చల్లగా ఏసీ. కూర్చోడానికి సీటు. నిన్ను తోసి చెయ్యి విరగ్గొట్టేవాళ్ళు లేరు."

"ఎవరూ విరగ్గొట్టలేదండీ. వానలో చెప్పు జారి నేనే పడ్డాను. ఎన్నిసార్లు చెప్పాలి?"

"పడింది ఆ బండి దగ్గరే కదా," అన్నాడు ముకుంద్. ఆ మాట మీద అతను ఎవరితోనైనా ఎంతసేపైనా వాదించగలడు. ఆవిడ చేతికి సిమెంటు కట్టు వేసిన వారానికే కారు కొన్నాడు. కట్టు విప్పేలోపల లైసెన్సు తెచ్చుకున్నాడు. తను పనిచేసే రంగుల ఫ్యాక్టరీ మూసేశాక ఆ ఇంట్లో అతను అంత హుషారుగా చేసిన పని మరొకటి లేదు.

లారీ కదిలింది. పక్కనుంచి కంటైనరు దూరబోతే ముకుంద్ మర్యాదగా ఆపి, "వెళ్ళు నాయనా, నువ్వే ముందు వెళ్ళు," అన్నాడు. అద్దాలన్నీ వేసే ఉన్నాయి. వాడికేం వినిపిస్తుంది!

శుభద ఫోను టింగుమంది. ఫోటో. రైల్లో రోజూ కలిసి వెళ్ళిన రెహానా, కుందాతాయి, సుజాత, ఇంకా ఎవరెవరో, ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు పడి ఇరవైమంది నీలం చీరలు. శుభద కూర్చునే కిటికీ పక్క చోటులో ఒక కొత్త పిల్ల నవ్వుతోంది. శుభద వేళ్ళతో ఫోటో పెద్దది చేసి ఆ పిల్ల మొహం చూసింది. చక్కటి పిల్ల. ఏ తప్పూ చెయ్యని పిల్ల. అయినా ఫోను బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది.

"నీ చీర రంగు నిలవదు," అన్నాడు ముకుంద్ పక్కనుంచి. "రెండు ఉతుకులు పడితే వెలుస్తుంది. మా దగ్గర ఒక నీలం ఉండేది, నువ్వు రాయికేసి బాదినా..."

చెప్పుకుంటూ పోయాడు. ఎన్నేళ్ళ కాపురం! ఈ మనిషికి ఇన్ని మాటలొచ్చని కారెక్కేదాకా ఆమెకు తెలియదు. ఫ్యాక్టరీలో ఏ రంగు వండిన రోజు మురిక్కాలవ ఏ రంగులో పారేదో, ఏ మేస్త్రి చేతులు పెళ్ళిరోజున కూడా పచ్చగా ఉండేవో, అన్నీ చెబుతాడు. ఆమె వింటుంది, నవ్వుతుంది కూడా. నవ్వుతూనే ఒక కన్ను పట్టాల కోసం వెతుకుతూ ఉంటుంది.

ఆఫీసు దగ్గరపడి ఫ్రీవే దిగబోతుండగా శుభద సీటుబెల్టు విప్పేసి, హ్యాండుబ్యాగు ఛాతీకి అడ్డంగా తగిలించుకుని, సీటు అంచుకి జరిగి కూర్చుంది. కారు కీమని అరవడం మొదలుపెట్టింది.

"నిన్నెవరూ తోసి దిగరు శుభా. స్టేషనొచ్చే ముందు తలుపు దగ్గరికెళ్ళి నిలబడక్కర్లేదు. వెనక్కి జరిగి కూర్చో."

ఆమె సిగ్గుపడి బెల్టు మళ్ళీ పెట్టుకుంది. మర్నాడు అదే చోట మళ్ళీ విప్పింది.

*

మంగళవారం మధ్యాహ్నం కుందాతాయి ఫోను చేసింది. ఆ రైలు గుంపుకి ఆవిడే పెద్ద, అందరికీ తాయి, అంటే అక్క. మోకాళ్ళు వాచిపోయి ఉంటాయి, గొంతు మాత్రం ప్లాట్‌ఫారం ఈ చివర్నుంచి ఆ చివరికి వినిపిస్తుంది.

"రేపే మన పెట్టెలో దసరా పూజ. ఎల్లుండి సెలవు కదా. వస్తున్నావా, కార్ల మహారాణీ?"

"వస్తాను తాయీ. రాకుండా ఎలా ఉంటాను?"

"చూద్దాం. మీ ఆయన పంపిస్తే కదా. ఆకుపచ్చ చీర, గుర్తుందా? హారతి పాట నువ్వే ఎత్తుకోవాలి. ఇక్కడ అందరివీ కాకి గొంతులు."

ఆ సాయంత్రం కార్లో శుభద మాట కదిపింది. ములుండ్ దగ్గర వాహనాలన్నీ బంకలో పడ్డట్టు కదులుతున్నాయి.

"రేపు నేను రైల్లో వెళ్తానండీ. పూజ ఉంది."

"చెయ్యో?"

"చెయ్యి ఎప్పుడో బాగుపడింది. నిన్న మీ బొబ్బట్ల పిండి ఎవరు కలిపారు?"

ముకుంద్ గేరు మార్చాడు. తర్వాత లాయరులా మొదలుపెట్టాడు. రైల్లో ఊపిరాడదు. చెమట. తిట్లు. తలుపు దగ్గర వేలాడ్డాలు. ఇక్కడ ఇంటి గుమ్మంలో ఎక్కితే ఆఫీసు గుమ్మంలో దిగడం. ఏది మేలో చిన్నపిల్లనడిగినా చెబుతుంది.

"నిజమే. అక్కడ ఊపిరాడదు గానీ పొద్దుపోతుంది," అంది శుభద. "ఇక్కడ ఊపిరాడుతుంది, పొద్దే పోదు."

అనేశాక నాలిక్కరుచుకుంది. ముకుంద్ అద్దంలో వెనకనుంచి వచ్చే బస్సుని అవసరమైనదానికంటే ఎక్కువసేపు చూశాడు.

"నాకు పోతోందే," అన్నాడు చివరికి.

*

బుధవారం ఆకుపచ్చ చీర, తల్లో మల్లెలు, సంచిలో దూద్‌పేడాల డబ్బా. డోంబివిలీ ప్లాట్‌ఫారం మీద అడుగుపెట్టగానే శుభద ఒళ్ళంతా తేలికైపోయింది. బండి ఇంకా ఆగకముందే కాళ్ళు వాటంతటవే పరిగెత్తాయి. ఎడమచేత్తో కడ్డీ అందుకుని, కుడికాలు లోపల పెట్టి, మోచేత్తో ఒకావిణ్ణి పక్కకి నెట్టి, పెట్టెలో పడింది. విరిగిన చెయ్యే! నొప్పి లేదు.

"ఒసేయ్, వచ్చిందే!" అని రెహానా అరిచింది. పెద్దాసుపత్రిలో నర్సు, ఆవిడ అరిస్తే రోగులు లేచి కూర్చుంటారట. అందరూ ఒక్కసారి మీద పడ్డారు. ఎవరో కౌగిలించుకున్నారు, ఎవరో జడ లాగారు. పెట్టె నిండా బంతిపూల తోరణాలు. పట్టుకునే ఊచలకి మామిడాకులు, పంకాలకి రంగు కాగితాలు, తలుపుల మధ్య గోడకి అమ్మవారి పటం.

"లేవే మానసీ, కిటికీ ఖాళీ చెయ్యి. శుభాతాయి వచ్చింది," అంది కుందాతాయి.

ఫోటోలోని కొత్త పిల్ల చటుక్కున లేచింది. "కూర్చోండి కాకూ," అంది, పిన్నిని పిలిచినట్టు. శుభద కూర్చుంది. గాలి, పాత గాలే, మొహానికి కొట్టింది. హారతి ఎత్తుకుంది, పెట్టె మొత్తం అందుకుంది. చప్పట్లు, గంట, కర్పూరం వాసన. దివా దాటేసరికి గొంతు గీరుకుపోయింది. పేడాలు పంచారు. ఒకావిడ కోడలి మీద చాడీలు చెబుతోంటే మిగిలినవాళ్ళు ఆ కోడలి పక్షం తీసుకుని ఆవిణ్ణి ఏడిపించారు. ఇన్నాళ్ళూ దేనికోసం ప్రాణం కొట్టుకుపోయిందో అదంతా ఆమె చుట్టూ కిక్కిరిసి ఉంది.

ఘాట్కోపర్ వచ్చింది.

ఆ గుంపులో ఒక కట్టుబాటుంది. ఘాట్కోపర్ దాకా కూర్చున్నవాళ్ళు అక్కడ లేవాలి, అప్పటిదాకా నిలబడ్డవాళ్ళు కూర్చోవాలి. ఆఫీసరైనా ఆయా అయినా అంతే. ఎవరూ ఎవరికీ గుర్తుచెయ్యక్కర్లేదు, బండి ఆగుతోందంటే సగంమంది లేస్తారు. శుభద కూడా లేచింది.

"నువ్వెందుకే? కూర్చో," అని కుందాతాయి భుజం మీద చెయ్యేసి కిందికి అదిమింది.

"ఘాట్కోపర్ కదా తాయీ. మీరు కూర్చోండి, మోకాళ్ళు..."

"నా మోకాళ్ళకేం, నిలబడ్డం వాటికి అలవాటే. నువ్వు ఒక్కరోజుకొచ్చిన దానివి. హాయిగా కిటికీ దగ్గర కూర్చో."

"నేను నిలబడతాను."

"చుట్టాల్ని నిలబెడతామా ఏమిటే?" అని రెహానా నవ్వింది. అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు. ఆ ప్రేమే శుభద గుండెల్లో గుచ్చుకుంది. దాదర్ దాకా, బైకలా దాకా, వీటీ దాకా ఆమె కూర్చునే ఉంది. ఎదురుగా కుందాతాయి ఒక మోకాలి మీదనుంచి ఇంకో మోకాలి మీదకి బరువు మార్చుకుంటూ నిలబడింది. కొత్త పిల్ల మానసి సంచి కుందాతాయి భుజాన ఉంది, కుందాతాయి గొడుగు మానసి చేతిలో ఉంది. శుభద సంచి మాత్రం శుభద ఒళ్ళోనే ఉంది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

దిగేటప్పుడు అందరూ "మళ్ళీ రావే," అన్నారు. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ ఎవరితోనూ అని ఎరగరు.

*

ఆఫీసులో ఆ రోజు పని సాగలేదు. బాత్రూములోకెళ్ళి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది. సాయంత్రం ప్యూను సావంత్ వచ్చి, "తాయీ, సాహెబ్ కింద కార్లో ఉన్నారు," అన్నాడు.

"ఏ సాహెబ్?"

"మీ సాహెబే. రోజూ ఉండే చోటే, గోడౌను పక్కన వేపచెట్టు కింద."

"రోజూనా?"

"రోజూ తాయీ. మధ్యాహ్నం నేనూ ఆయనా కలిసే డబ్బాలు విప్పుకుని తింటాం. మీకు తెలీదా?"

ఆమెకు తెలీదు. ఆమెను దింపి గిర్‌గావ్‌లో అన్నగారింటికి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ వస్తాడనే అనుకుంటోంది. కిందికి వెళ్ళేసరికి ముకుంద్ సీటు వెనక్కి వాల్చి, మొహం మీద పేపరు కప్పుకుని నిద్రపోతున్నాడు. చొక్కా చంకల కింద తడిసిపోయింది. అద్దాలు దించి ఉన్నాయి, ఏసీ లేదు. తలుపు మీద తడితే గాభరాగా లేచి, ముందు పక్క సీటు దులిపాడు.

ఫ్రీవే ఎక్కాక శుభద అడిగింది.

"మీ అన్నయ్యగారింటికి వెళ్ళట్లేదా?"

"రోజూ ఎవరింట్లో కూర్చుంటాం శుభా? మొదట్లో వెళ్ళాను. వదిన మొహం చూసి మానేశాను."

"ఇంటికి పోకూడదూ?"

"పోతే మళ్ళీ రావాలిగా."

"సరే, ఇవాళ పొద్దున నేను కార్లో రాలేదుగా. ఇవాళెందుకొచ్చారు?"

ముందున్న టెంపో ఆగింది, కదిలింది, మళ్ళీ ఆగింది.

"నిన్ను స్టేషన్లో దింపి ఇంటికెళ్ళాను. పేపరు చదివాను. మళ్ళీ చదివాను. ఉండలేక వచ్చేశాను. ములుండ్ దగ్గర ఒకడు స్కూటరు మీద మేకని ముందు నిలబెట్టుకుని పోతున్నాడు. దాని చెవులు వాడి కళ్ళకి అడ్డం. 'శుభా, చూడు చూడు' అని ఇటు తిరిగాను." టెంపో వెనకే కారు కాస్త జరిపాడు. "సీటు ఖాళీగా ఉంది. సిగ్గేసింది."

శుభదకు నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అటు తిరిగి కిటికీలోంచి చూసింది.

"పూజ బాగా జరిగిందా?" అన్నాడు.

"బాగా జరిగింది. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. వీటీ దాకా లేవనివ్వలేదు."

"మంచిదేగా!"

"మనింటికొచ్చిన చుట్టం చేత కంచం కడిగిస్తామా? అలా కూర్చోబెట్టారు." హ్యాండుబ్యాగు దగ్గరికి లాక్కుంది. "ఎల్లుండి నుంచి రైల్లోనే వెళ్తానండీ. రోజూ. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే అక్కడ నాకు నిలబడ్డానికి కూడా వంతుండదు."

ముకుంద్ తలూపాడు. కొండ రోడ్డు మీదికొచ్చేసరికి లారీల వెనక ఎర్రదీపాలు కనుచూపుమేరా బారులు తీరి ఉన్నాయి. ఇంజను ఆపేశాడు.

"సరే, వెళ్ళు," అన్నాడు. "ఒక్కటడగనా? ఇంటికొచ్చాక ఇలా మాట్లాడతావా నాతో?"

శుభద అబద్ధమాడలేకపోయింది. ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే కుక్కరు. కూర, రొట్టెలు, గిన్నెలు, రేపటి డబ్బాకి కూరగాయలు. తర్వాత నిద్ర. పెళ్ళయిన కొత్తలో కూడా అంతే. వాళ్ళిద్దరూ ఏ పనీ చెయ్యకుండా పక్కపక్కన కూర్చున్నది పెళ్ళిపీటల మీద, తర్వాత ఈ కార్లో.

వెనకవాడు హారను కొట్టాడు. ముకుంద్ కారు కదిలించాడు.

*

దసరా రోజు పొద్దున్నే ముకుంద్ కారు కడిగాడు. బంతిపూల దండ కట్టాడు. శుభద పళ్ళెంలో పసుపు కుంకుమ తెచ్చి బానెట్ మీద స్వస్తిక గీసింది. టైరు కింద నిమ్మకాయ పెట్టారు, తొక్కించారు. ఒకళ్ళకొకళ్ళు జమ్మి బంగారం ఇచ్చుకున్నారు. ఆమె అతని కాళ్ళకి దణ్ణం పెట్టి లేచేసరికి అతను కారు అద్దంలో లేని మరకని తుడుస్తున్నాడు.

"అమ్మేద్దామా దీన్ని?" అన్నాడు.

"పండగపూట అవేం మాటలండీ," అంది శుభద. పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

శుక్రవారం బండి వచ్చేసరికి అందరికంటే ముందు శుభదే ఎక్కింది. ఒక సీటు మీద చేతిరుమాలు పరిచింది, ఇంకోదాని మీద సంచి పెట్టింది. అవి తనకి కాదు. కుందాతాయి రొప్పుతూ ఎక్కగానే కిటికీ పక్కకి నెట్టింది.

"ఇదేమిటే? మళ్ళీ వచ్చావా? కూర్చో, కూర్చో, మానసీ లేవవే..."

"ఎవరూ లేవక్కర్లేదు. ఇవాళ నేను నిలబడే వంతు," అంది శుభద.

"మళ్ళీ ఒక్కరోజుకేగా?"

"రోజూ."

"కారో?"

"కారు కారే, బండి బండే."

కుందాతాయి ఆమె మొహంలోకి తేరిపార చూసింది. రెహానా ఏదో అనబోతే మోచేత్తో పొడిచింది. తర్వాత తన బరువైన సంచి ఎత్తి శుభద భుజానికి తగిలించి, "అయితే ఇది మొయ్యి. దుంపలున్నాయి, జాగ్రత్త. కారులో తిరిగి ఒళ్ళు బద్ధకించింది దీనికి," అంది.

తిట్టే. ఆ తిట్టుతో శుభద ప్రాణం లేచొచ్చింది. రద్దీ పెరిగింది. ఎవరి మోచెయ్యో వీపులో, ఎవరి జడో నోట్లో. ఎవరో కాలు తొక్కితే ఎంతో కాలం తర్వాత నోరారా తిట్టింది. దుంపల సంచి భుజం కోస్తోంటే ఇంకాస్త పైకి ఎగదోసుకుంది.

"అలా మూగదానిలా నిలబడతావేం, ఏదైనా చెప్పవే," అంది సుజాత.

ఏం చెప్పాలి? శుభద నోరు తెరిచింది. స్కూటరు మీద మేక కథ వచ్చింది. మేక చెవులు వాడి కళ్ళకి ఎలా అడ్డం పడ్డాయో చేతులు పెట్టి చూపించింది. పెట్టె పగలబడి నవ్వింది. తర్వాత పెళ్ళిలో పచ్చచేతుల మేస్త్రి కథ చెప్పింది. రంగులు మారిన కాలవ సంగతి చెప్పింది. "ఇంకా చెప్పు, ఇంకా చెప్పు," అన్నారు. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. తను చెప్పేవన్నీ ఆయన మాటలే.

ఈ వేళకి ఏం చేస్తుంటాడు? పేపరు చదివేసి ఉంటాడు. రెండోసారి చదువుతుంటాడు. ఏదైనా వింత కంటపడితే "శుభా" అని పక్కకి తిరుగుతాడేమో. ఇన్నాళ్ళూ కార్లో కూర్చుని రైలు కోసం బెంగపెట్టుకుంది. ఇవాళ రైల్లో తన వంతు దక్కించుకుని నిలబడి ఆ మనిషి కోసం బెంగపెట్టుకుందని తెలిసి శుభదకు తన మీద తనకే ఒళ్ళుమండింది.

ఘాట్కోపర్ వచ్చింది. కూర్చున్నవాళ్ళు లేచారు. కుందాతాయి ఆమెను రెక్క పట్టుకుని సీట్లో కూలేసి, తన సంచి ఆమె ఒళ్ళోనే ఉంచి, "నీ వంతు," అంది.

సాయంత్రం డోంబివిలీలో మెట్లు దిగేసరికి, ఆటోవాళ్ళు హారన్లు కొట్టి తిడుతున్నా కదలకుండా, బంతిదండ వాడిపోయిన కారు అడ్డంగా నిలబడి ఉంది. రమ్మని ఆమె చెప్పలేదు.

"నడిచొచ్చేదాన్నిగా. ఇంత దగ్గరికి కారెందుకు?" అంది ఎక్కుతూ.

"తెలుసు. ఊరికే వచ్చాను," అన్నాడు ముకుంద్. ఉదయంనుంచి ఎవరితోనూ మాట్లాడని గొంతు అది, బొంగురుగా ఉంది. "ఏం చేశారు ఇవాళ మీ రైల్లో?"

ఏదో మొదలుపెడితే ఇల్లొచ్చేస్తుంది. లిఫ్టు, తాళం, కుక్కరు. శుభద అతని చేతులకేసి చూసింది. రెండూ స్టీరింగు మీదే ఉన్నాయి. చౌరస్తా రాగానే ఇంటివైపు తిరగడానికి దీపం వేశాడు.

"అటొద్దు. తిన్నగా పోనీండి."

"తిన్నగా పోతే శీల్ రోడ్డు కదా," అన్నాడు ముకుంద్ తెల్లబోయి. "ఈ వేళప్పుడు అక్కడంతా ట్రాఫిక్కు. ఇరుక్కున్నామంటే ఎప్పటికి బయటపడతామో."

"తెలుసు," అంది శుభద. "అందుకే అటు పోనీండి."